లూకా సంగతి సరే, నా టెన్షన్ అంతా జాయన్ గురించే

నమస్తే అండి, శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నా. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2025-26 సీజన్ వచ్చేస్తోంది. అక్టోబరు 22 పొద్దున్న ఏడున్నరకి లేకర్స్, వారియర్స్ ఆట ఉంది. ఆఫీసుకు తయారవుతూనే లేకర్స్ స్టార్ లూకా డాన్సిచ్‌ని చూసేయొచ్చు. ఈసారి తనేంటో నిరూపించుకోవాల్సింది ఎవరు అంటే, చాలామంది ముందు లూకా పేరే చెబుతున్నారు. నేను చెప్పను.

2025 ఫిబ్రవరిలో డల్లాస్ జట్టు లూకాని లేకర్స్‌కి ఇచ్చేసి ఆంథోనీ డేవిస్‌ని తెచ్చుకుంది. అంతకుముందు ఏడాదే జట్టుని ఫైనల్స్‌కి తీసుకెళ్లిన కుర్రాణ్ని! ఒళ్లు చూసుకోడు, ఫిట్‌నెస్ లేదు అని గుసగుసలు. ఏప్రిల్లో అదే డల్లాస్ వెళ్లి 45 పాయింట్లు కొట్టాడు. వేసవిలో సన్నబడ్డాడు కూడా. సీజన్ చివర టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్ మొదటి రౌండ్లో లేకర్స్ మిన్నెసోటా చేతిలో 4-1తో ఓడిపోయారు, నిజమే. డేవిస్ వెళ్లాక బుట్ట దగ్గర కాపు కాసే సరైన సెంటరే లేకపోతే లూకా ఏం చేస్తాడండీ?

నాకు బెంగంతా జాయన్ విలియమ్సన్ మీదే. 2019 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లని ఎంచుకునే కార్యక్రమంలో, న్యూ ఓర్లీన్స్ తీసుకున్న మొదటి పిక్. ఆరడుగుల ఆరంగుళాలు, దాదాపు 129 కిలోలు. అంత మనిషి ఒక్క అడుగులో డిఫెండర్‌ని దాటేసి గాల్లోకి లేస్తుంటే నోరు తెరుచుకుని చూడాల్సిందే. కానీ చూసేది ఎప్పుడు? సీజన్‌కి మామూలుగా 82 మ్యాచులు. ఆరు సీజన్లలో ఇతను ఆడినవి మొత్తం 214. పాదం గాయంతో 2021-22లో ఒక్కటీ ఆడలేదు. పోయిన సీజన్లో 30. మా ఫ్రెండ్ ఒకడుంటాడు, "ఏటి బాబూ, ఏటా ఇదే కథ" అంటాడు.

అన్నిటికన్నా బాధ 2024 ఏప్రిల్. లేకర్స్‌తో ప్లే-ఇన్ మ్యాచ్, అంటే ప్లేఆఫ్స్‌లో చోటు కోసం ఆడేది. జాయన్ 40 పాయింట్లు కొట్టి స్కోరు సమం చేశాడు. ఆట చివరికొచ్చేసింది. అప్పుడే తొడ వెనక కండరం పట్టేసింది. జట్టు తర్వాత ప్లేఆఫ్స్‌కి వెళ్లింది, ఇతను మాత్రం ఆడలేకపోయాడు. ఇప్పటిదాకా ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడలేదంటే నమ్మండి!

బరువు గురించి ఎవరైనా వెక్కిరిస్తే నాకు మన ఆమదాలవలస పక్క వూసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి గుర్తొస్తుంది. 54 కిలోల విభాగం నుంచి 69కి వెళ్లింది. సిడ్నీ ఒలింపిక్స్‌కి ఎందుకు పంపుతున్నారు, ఆమె పని అయిపోయింది అన్నారు. 2000లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. చివరి ప్రయత్నంలో స్వర్ణం కోసం ఏకంగా 137.5 కిలోలు ఎత్తబోయింది. అది లేవలేదు, అయినా ఆ తెగువ చూడండి. జాయన్‌కి తెగువ తక్కువేం కాదు. రోజూ కోర్టులో ఉంటే చాలు.

నిరూపించుకోవాల్సిన వాళ్లలో ఇంకో పేరు జోయెల్ ఎంబీడ్, అతని గురించి ఎక్కువ చెప్పను. 2023లో ఎంవీపీ, అంటే లీగ్‌లో ఉత్తమ ఆటగాడు, పోయిన సీజన్లో ఆడింది 19 మ్యాచులు. మోకాలు పూర్తిగా కుదురుతుందని నేనైతే నమ్మను.

ఎంవీపీ లాంటి అవార్డులకి కనీసం 65 మ్యాచులు ఆడాలి. జాయన్‌కి నేను 58 అనుకుంటున్నా, వరసగా రెండు రోజులు మ్యాచులుంటే ఒకదానికి కూర్చోబెడతారు కాబట్టి. మీ అంకె కింద రాయండి. ఏప్రిల్లో లెక్క చూసుకుందాం.