లాల్‌బాగ్: పూల ప్రదర్శన లేని రోజున చూడవలసిన తోట

వీక్షకులందరికీ నమస్కారం. ఈ వీడియోలో బెంగళూరులోని లాల్‌బాగ్ తోటను సమీక్షిస్తున్నాను. గణతంత్ర దినోత్సవానికీ, స్వాతంత్ర్య దినోత్సవానికీ అక్కడ జరిగే పూల ప్రదర్శన గురించి మీలో చాలామంది విని ఉంటారు. ఆ రోజుల్లో అద్దాల మేడ ముందు జనం బారులు తీరి నిలబడతారు. పూలతో కట్టిన ఆకృతులు నిజంగానే అందంగా ఉంటాయి, వాటి వెనక తోటమాలుల ఎంతో కాలపు శ్రమ ఉంటుంది. అయినా మొదటిసారి వెళ్ళేవారికి నేనిచ్చే సలహా వేరు. ప్రదర్శన లేని మామూలు రోజున, ఎండ ఎక్కకముందే వెళ్ళండి. కొద్ది రోజుల్లో వాడిపోయే పూల కోసం అంత దూరం వచ్చి, తరతరాలుగా నిలిచి ఉన్న చెట్ల వైపు తల ఎత్తకుండానే తిరిగి వెళ్ళేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

డబుల్ రోడ్డు వైపు ద్వారం నుంచి లోపలికి వెళితే ముందుగా కనిపించేది చెట్టు కాదు, బండ. చెప్పులతో చకచకా ఎక్కేసే ఈ రాతి గుట్ట వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. దీనిని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. దక్షిణ భారత భూభాగంలో చాలా భాగానికి పునాదిగా ఉన్న నైస్ (అధిక వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాయి) అనే శిల ఇదే. అనంతపురం, చిత్తూరు ప్రాంతాలలో నేల కింద ఉన్నది కూడా ఈ జాతి రాయే. గుట్ట మీద కెంపేగౌడ పేరుతో పిలిచే చిన్న గోపురం ఉంది. 1537లో బెంగళూరు కోటకు పునాది వేసిన పాలకుడి పేరు అది. ఊరి నాలుగు దిక్కులా నిలిపిన నాలుగు గోపురాలలో ఇది ఒకటి. దాని పక్కన నిలబడి చుట్టూ చూడండి. ఒకనాడు ఊరి పొలిమేరను చూపిన ఆ గోపురం ఈనాడు మహానగరం నడుమ ఉంది.

తోట చరిత్ర 1760లో హైదర్ అలీతో మొదలవుతుంది. కర్ణాటకలోని శిరా పట్టణంలో ఉన్న మొగలాయి తోటను చూసి, అటువంటి తోట తనకూ కావాలని ఆయన దీనిని వేయించాడు. ఆయన కుమారుడు టిప్పు సుల్తాను దూరదేశాల నుంచి మొక్కలనూ విత్తనాలనూ తెప్పించి దీనిని పెంచాడు. 1799లో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం పతనమైన తరువాత తోట ఆంగ్లేయుల చేతికి వెళ్ళింది, 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానంగా మారింది. నేడు దీని విస్తీర్ణం 240 ఎకరాలు. పాలకులు మారినా ఇక్కడి పని మాత్రం మారలేదు: ఎక్కడి మొక్కనో తెచ్చి, ఈ మట్టిలో బతుకుతుందో లేదో చూసి, బతికితే జనానికి పంచడం. లాల్‌బాగ్‌ను నేను విహారస్థలంగా కాక, రెండున్నర శతాబ్దాల ప్రయోగశాలగా చూడమనడానికి కారణం ఇదే.

దీనికి మన వంటింట్లోనే సాక్ష్యం ఉంది. 1874లో ఈ తోట బాధ్యత స్వీకరించిన జాన్ కామెరాన్ పరిచయం చేసిన మొక్కలలో ఒకదాని కాయను మనం పప్పులో వేసుకుంటాం, పచ్చడి చేసుకుంటాం, కొబ్బరి వేసి కూర వండుకుంటాం. అదే బెంగళూరు వంకాయ. దాని పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. వంకాయతో దానికి చుట్టరికమే లేదు, అది దోస, సొర, గుమ్మడి కుటుంబానికి చెందిన తీగ. బెంగళూరులో కన్నడిగులు దానిని సీమె బదనెకాయి, అంటే సీమ వంకాయ అంటారు. సీమచింతకాయలో మనం వాడే సీమ అన్న మాటే అది, పరదేశం నుంచి వచ్చినదని అర్థం. వారికి అది పరదేశపు కాయ, మనకు అది బెంగళూరు కాయ. ఒక మొక్క ఏ దారిన ఎవరి ఇంటికి చేరిందో ఈ రెండు పేర్లే చెబుతున్నాయి. లాల్‌బాగ్‌కు వెళ్ళే ప్రతి తెలుగు కుటుంబమూ పిల్లలకు ముందుగా ఈ సంగతి చెప్పాలని నా కోరిక.

అద్దాల మేడ కూడా కామెరాన్ కాలం నాటిదే. లండన్ నగరపు క్రిస్టల్ ప్యాలెస్‌ను తలపించేలా రూపొందిన ఈ కట్టడానికి 1889 నవంబరు 30న బ్రిటిష్ యువరాజు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేశాడు. ప్రదర్శన లేని రోజున అది ఖాళీగా ఉంటుంది, అందువల్ల పోత ఇనుప స్తంభాల నగిషీనీ, గాజు పలకల గుండా దిగే వెలుతురునూ అడ్డు లేకుండా చూడవచ్చు.

1908లో ఇక్కడికి వచ్చిన జర్మన్ ఉద్యాన నిపుణుడు గుస్తావ్ హెర్మాన్ క్రుంబీగల్ పనిని చూడాలంటే తోట దాటి వీధుల్లోకి రావాలి. ఒక జాతి చెట్లు పూత ముగించే వేళకు మరొక జాతి పూతకు వచ్చేలా వీధుల వెంట చెట్లను ఎంపిక చేసి నాటించే పద్ధతిని ఆయన బెంగళూరుకు తెచ్చాడు. మార్చిలో ఊదారంగు జకరందాలు రాలుతూ ఉండగానే ఎర్రని తురాయి చెట్లు అందుకోవడం ఆ ఆలోచన ఫలమే.

చెట్ల విషయానికి వస్తే, తెల్లబూరుగు మహావృక్షాన్ని చూడకుండా రావద్దు. దాని మొదలు నుంచి గోడల్లా లేచిన వేళ్ళ మధ్య మనిషి నిలబడితే బయటికి కనిపించడు. ఆ వేళ్ళ మీద పేర్లు చెక్కేవారిని చూసినప్పుడు దయచేసి మర్యాదగా వారించండి. నేను వారించాను, ఆ యువకులు విన్నారు కూడా. చెట్లకు కట్టిన పలకల మీద శాస్త్రీయ నామం ఉంటుంది గాని కథ ఉండదు, కాబట్టి ముందుగా కొంత చదువుకుని వెళ్ళడం మంచిది.

ఇక సౌకర్యాల సంగతి. సందర్శకులకు టికెట్టు ఉంది. నడవలేని పెద్దలకు బ్యాటరీ బండ్లు ఉన్నాయి, కానీ బండ్లలో తిరిగితే చెట్లన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. చెరువు గట్టు వరకూ తిరగాలంటే కనీసం మూడు గంటలు కేటాయించండి. మెట్రోలో వచ్చేవారికి గ్రీన్ లైన్‌లోని లాల్‌బాగ్ స్టేషన్ పశ్చిమ ద్వారానికి దగ్గర.

నేను ఆ ద్వారం నుంచే బయటపడి, బసవనగుడి వైపు నడిచి, గాంధీ బజారులో ఒక పెద్దమ్మ దగ్గర అరకిలో బెంగళూరు వంకాయలు కొన్నాను. అలవాటుగా నోటికి వచ్చిన మన పేరే చెప్పి అడిగాను. ఆవిడ నవ్వి, "సీమె బదనెకాయా?" అని తూకం వేసింది.