నడుము నొప్పికి నేను కొన్నవన్నీ: ఏది పనిచేసింది, ఏది అటకెక్కింది

నమస్కారం. ఈసారి నిలబడే మాట్లాడుతున్నాను. ఇరవై నిమిషాలకు మించి కూర్చుంటే నా నడుము ఒప్పుకోదు. రెండేళ్లుగా ఇదే వరస. ఈ బల్ల మీద ఉన్నవన్నీ ఆ రెండేళ్లలో కొన్నవే.

ముందు ఈ బెల్టు. కట్టుకున్న మొదటి రోజు ఎవరో వెనక నుంచి పట్టుకున్నంత ధైర్యం. నాలుగు నెలలు గడిచేసరికి అది లేకుండా బకెట్టు ఎత్తాలంటే భయం పట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా దీర్ఘకాలిక నడుము నొప్పికి బెల్టులూ, నడుమును లాగిపట్టే ట్రాక్షనూ మామూలుగా వాడవద్దనే అన్నాయి. కొనకముందు చదవాల్సింది!

వేడినీళ్ల సంచికి మంచి మార్కులే వేస్తాను. కాపడం పెట్టుకుంటే ఆ పూటకు హాయి, అంతకుమించి ఆశించకండి.

ఇక పరుపు. గట్టిగా ఉంటేనే మంచిదని చెక్కలాంటిది కొన్నాను. 2003లో స్పెయిన్‌లో మూడు వందల మందికి పైగా రోగులపై పరిశోధన చేస్తే, బాగా గట్టి పరుపు కన్నా మధ్యరకం గట్టిదే ఎక్కువ ఉపశమనం ఇచ్చిందట. నాది ఇప్పుడు మా అత్తగారి గదిలో ఉంది. ఆవిడకు నచ్చింది.

నన్ను అన్నిటికన్నా బెదరగొట్టింది మాత్రం స్కానింగ్ రిపోర్టు. "డిస్కు అరిగింది, గ్యాప్ వచ్చింది" అన్నారు. డిస్కంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలాంటిది. వారం రోజులు వంగలేదు, తుమ్మడానికి కూడా భయపడ్డాను. తర్వాత తెలిసింది: ఏ నొప్పీ లేనివారి స్కాన్లను పరిశీలించిన 2015 నాటి సమీక్షలో, ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. యాభై ఏళ్ల వాళ్లలో 80 శాతం. అంటే నెరిసిన జుట్టులాంటిదన్నమాట.

అయితే స్కాన్ అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి. మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా ఈ వీడియో ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరంతో కూడిన నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం కూడా డాక్టరుకు చెప్పాల్సినవే.

నాకు దారి దొరికింది మూడో ఫిజియోథెరపిస్టు దగ్గర. మొదటి ఇద్దరూ యంత్రం తగిలించి, పది సిట్టింగుల ప్యాకేజీ చేతిలో పెట్టారు. ఈవిడ యంత్రం జోలికే వెళ్లలేదు. కుర్చీలోంచి ఎలా లేస్తానో చూశారు, ఎలా నిద్రపడుతోందో అడిగారు, ఖాళీ బకెట్టు ఎత్తించారు. ఆ తర్వాతే వ్యాయామాలు: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము లేపడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఒక చేతినీ ఎదురు కాలినీ చాచడం. రోజూ నడక, మెల్లగా పెంచుతూ. మొదటి రెండు వారాలు నొప్పి కాస్త పెరిగింది. మానేద్దామనుకున్నాను. పెరిగినంత మాత్రాన ఏదో దెబ్బతిన్నట్టు కాదని ఆవిడ ముందే చెప్పి ఉండకపోతే మానేసేవాణ్ణే.

మూడు నెలల తర్వాత విజయవాడ నుంచి హైదరాబాదుకు బస్సెక్కాను. ఇంతకుముందు సూర్యాపేట వచ్చేలోపే సీటు వదిలి నిలబడేవాణ్ణి. ఈసారి అక్కడ టీ తాగడానికి మాత్రమే దిగాను. నొప్పి పూర్తిగా పోయిందా? లేదు. వానాకాలం పొద్దున్నే పలకరిస్తుంది.

ఏ చికిత్సకైనా డబ్బు కట్టేముందు ఒక్కటి గమనించండి: అవతలివారు మీ రిపోర్టునే చూస్తున్నారా, మీరు నడిచే తీరును కూడా చూస్తున్నారా?

బెల్టు ఎవరికీ ఇవ్వను, అడగకండి. వచ్చే వీడియోలో బకెట్టు ఎత్తడం చూపిస్తాను. నా నడకకు వేళయింది, ఉంటాను.