కార్తీక పౌర్ణమి దాటాకే వెల్లుల్లి: ఫోన్-ఇన్‌లో గుంటూరు శ్రోత

యాంకర్: చెప్పండమ్మా, లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్తే మేడమ్, బ్రాడీపేట నుంచి. పోయిన సంవత్సరం దసరా సెలవుల్లో మేడ మీద కుండీల్లో వెల్లుల్లి రెబ్బలు పెట్టాను, మొలకలు చూసి ఎంత సంబరపడ్డానో, ఆ తర్వాత వాయుగుండం పట్టి నాలుగు రోజులు వాన వదల్లేదు. తీసి చూస్తే అన్నీ మెత్తబడి కుళ్ళు వాసన. ఈసారి సాంబారు ఉల్లి కూడా పెడదామని, ఇప్పుడే పెట్టేయొచ్చా?

నిపుణురాలు: మట్టి ఏం వాడారమ్మా?

శ్రోత: పొలం నుంచి తెచ్చిన నల్లమట్టేనండి.

నిపుణురాలు: అదే సంగతి. నల్లరేగడి పత్తికి, మిర్చికి బంగారమే గానీ కుండీలో నీళ్ళు పట్టేసి వదలదు. మట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమానంగా కలపండి, అడుగున బెజ్జాలు మూసుకుపోకుండా చూసుకోండి. తొందరపడొద్దు తల్లీ, మనకు అక్టోబరులో తుపాన్ల భయం, కార్తీక పౌర్ణమి దాటి తెల్లవారుజామున చలి తగిలాక పెట్టండి. అలాగని డిసెంబరు దాకా ఆగినా కష్టమే, పాయ ఊరాలంటే ముందు మొక్కకు చలి తగలాలి, మన దగ్గర ఆ కాస్త చలీ సంక్రాంతి వెళ్ళేసరికి తగ్గిపోతుంది.

శ్రోత: రెబ్బలు పొట్టు తీసి పెట్టాలా?

నిపుణురాలు: తీయొద్దు. పాయలో బయటివైపు లావు రెబ్బలు ఏరి, మొన పైకి ఉండేలా అంగుళం లోతున, 4 అంగుళాల ఎడంతో గుచ్చండి. సాంబారు ఉల్లి అయితే గడ్డ మొత్తం పెట్టి, మెడ మాత్రం పైకి కనిపించనివ్వండి, ఒక్క గడ్డ గుత్తిగా పిలకలేస్తుంది, రెండున్నర మూడు నెలల్లో చేతికొస్తుంది. మొదటిసారి పెట్టేవాళ్ళకు నేను ముందు ఇదే చెప్తాను.

శ్రోత: ఆకుల మీద తెల్లటి చారలు కూడా వచ్చాయి మేడమ్.

నిపుణురాలు: తామర పురుగు. 2021లో మన మిర్చిని ముంచిన నల్ల తామర పురుగు వేరు, ఇది వేరు. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కలు సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లండి. మార్చిలో ఆకులు సగం పండాక నీళ్ళు ఆపేసి, రెండు వారాలాగి తవ్వండి.

శ్రోత: బజారులో దొరికేంత పాయ వస్తుందా?

నిపుణురాలు: మధ్యప్రదేశ్ చలిలో ఊరినంత ఊరదమ్మా. చలి చాలకపోతే ఒంటి రెబ్బ పాయే రావచ్చు, నిక్షేపంగా వాడుకోండి. ఆకులు కూడా రెండు మూడు కోసి పప్పులో వేసి చూడండి.

శ్రోత: అయితే కుండీల్లో పాత మట్టి ఇవాళే ఒంపేస్తానండి.

నిపుణురాలు: ఒంపి, వారం రోజులు ఎండలో పలచగా ఆరబెట్టండి.