డెల్టా పెరట్లో నిమ్మ చెట్టు: గొయ్యి వద్దు, దిబ్బ కావాలి

(దృశ్యం: పెరట్లో మట్టి దిబ్బ మీద నిమ్మ మొక్క)

నమస్తే అండి. కడియం నర్సరీల నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న నిమ్మ మొక్క రెండు వానాకాలాలు గడిచేసరికి ఆకులు పసుపెక్కి, కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోతుంటే ఏం చేస్తాం? నీళ్లు చాల్లేదేమోనని ఇంకో బిందె పోస్తాం. డెల్టాలో చాలా నిమ్మ చెట్లు ఆ బిందెతోనే పోతాయి.

మనది గోదావరి ఒండ్రు, ఎక్కువ చోట్ల బంకమట్టి. తడిస్తే నీరు త్వరగా దిగదు. నిమ్మకి తిండి పీల్చే సన్నవేళ్లు పైపైనే ఉంటాయి. వాటికి గాలి ఆడకపోతే కుళ్లిపోతాయి. అందుకే అడుగున్నర ఎత్తు, నాలుగైదు అడుగుల వెడల్పు దిబ్బ వేయండి. మట్టిలో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. అంటు కట్టిన చోటు మట్టికి జానెడు పైనే ఉండాలి. కొబ్బరి నీడలో పెడితే కాపు సరిగ్గా రాదు, ఎండ తగిలే చోటు చూసుకోండి.

(దగ్గరగా: కాండం మొదలు)

ఇక్కడ చూడండి. బెరడు చీలి తేనె రంగు జిగురు కారుతోంది. ఇదే బంక తెగులు. తడి మట్టిలో ఉండే ఫైటోఫ్తోరా అనే బూజులాంటి సూక్ష్మజీవి దీనికి కారణం. కుళ్లిన బెరడు కత్తితో గీకేసి బోర్డో పేస్టు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా కరిగించి, ప్లాస్టిక్ బకెట్లో కలపండి. ఇనుప గిన్నె వాడొద్దు. కలిపిన రోజే పూసేయాలి.

మళ్లీ రాకుండా, అంటు కట్టిన చోటు మునగకుండా మొదలు చుట్టూ అడుగు మేర మట్టి ఎగదోసి, దాని అవతల పాదు చేయండి. నీళ్లు ఆ పాదులోనే పొయ్యాలి, కాండానికి తగలకూడదు. పాదులో గునపం దింపకండి, సన్నవేళ్లు తెగిపోతాయి.

లేత ఆకు మీద పిట్ట రెట్టలా కనిపిస్తే అది సీతాకోకచిలుక గొంగళి పురుగు. మందెందుకండీ, చేత్తో ఏరేస్తే చాలు. ఆకుల మీద, కాయల మీద గరుకైన గోధుమరంగు మచ్చలొస్తే గజ్జి తెగులు. కొనేటప్పుడే బాలాజీ రకం అడగండి, అది గజ్జిని బాగా తట్టుకుంటుంది.

ఇక వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేశాక మాత్రం తడి పూర్తిగా ఆరిపోనివ్వొద్దు. చెట్టును బాగా ఎండబెట్టి ఒక్కసారిగా నీళ్లు ముంచితే కాయలు పగులుతాయి. పాదులో ఎండుటాకులో, కొబ్బరి పీచో పరిచి, పైమట్టి ఆరాకే నీళ్లు పెట్టండి.