చిన్న కళాశాలలో ఇంజనీరింగు చదువు

శ్రోతలకు నమస్కారం. ఇంటర్మీడియట్ ఫలితాలు రాగానే ర్యాంకు, బ్రాంచి, కౌన్సెలింగు అంటూ సతమతమయ్యే మన ఇళ్లలో, అమెరికాలోని లిబరల్ ఆర్ట్స్ కళాశాలల ప్రస్తావన చాలా అరుదు. సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రాలతో పాటు గణిత, విజ్ఞాన శాస్త్రాలనూ బోధించే ఆ చిన్న కళాశాలల్లో కొన్నింటిలో ఇంజనీరింగు కూడా ఉందంటే నమ్మనివారే ఎక్కువ. కానీ న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కళాశాల 1845లోనే సివిల్ ఇంజనీరింగు బోధన ప్రారంభించింది. మసాచుసెట్స్‌లోని స్మిత్ మహిళా కళాశాల 1999లో ఇంజనీరింగు విభాగం నెలకొల్పి, 2004లో తొలి బృందానికి పట్టాలిచ్చింది.

కాలిఫోర్నియాలో 1955లో స్థాపించిన హార్వీ మడ్ కళాశాలను కాస్త దగ్గరగా చూద్దాం. సుమారు 900 మంది విద్యార్థులున్న ఆ కళాశాలలో మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్ అనే విడివిడి డిగ్రీలు లేవు; ఇంజనీరింగు చదివినవారందరికీ ఇచ్చేది ఒకే ఉమ్మడి ఇంజనీరింగు పట్టా. 1963 నుంచి అక్కడ ‘క్లినిక్’ అనే పద్ధతి నడుస్తోంది. ఏదైనా సంస్థ రుసుము చెల్లించి తన అసలు సమస్యను కళాశాలకు అప్పగిస్తే, నలుగురైదుగురు విద్యార్థులు ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో విద్యా సంవత్సరమంతా దానిపై పనిచేసి, చివరకు ఆ సంస్థ ప్రతినిధులకే ఫలితాన్ని వివరించాలి. ఆఖరి సెమిస్టరులో ఎవరో చేసిన ప్రాజెక్టు కొని, బైండు చేయించి సమర్పించే అలవాటు మన దగ్గర ఎంతగా పాతుకుపోయిందో తెలిసిన నాకు, ఆ కళాశాలలో అన్నింటికన్నా విలువైనది ఇదే అనిపిస్తుంది.

కంప్యూటర్ సైన్సు తొలి కోర్సునూ వారు 2006 ప్రాంతంలో తిరగరాశారు. అప్పటికే ప్రోగ్రామింగు వచ్చినవారిని, బొత్తిగా రానివారిని వేర్వేరు సెక్షన్లలో కూర్చోబెట్టి, జావా అనే ప్రోగ్రామింగు భాష స్థానంలో పైథాన్ అనే భాషను ప్రవేశపెట్టారు. తరగతిలో అన్నీ తెలిసినట్టు మాట్లాడేవారిని చూసి కొత్తవారు జంకే పరిస్థితి తగ్గింది. మరికొన్ని చర్యలూ తోడై, పది శాతం దగ్గర ఉండిన కంప్యూటర్ సైన్సు అమ్మాయిల వాటా కొన్నేళ్లలోనే నలభై శాతానికి చేరింది.

అయితే ఇలాంటి కళాశాలలకు పరిమితులున్నాయి. అధ్యాపకులు కొద్దిమందే కాబట్టి, కంపైలర్లు, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ వంటి పై స్థాయి కోర్సులు ఏడాది విడిచి ఏడాది మాత్రమే నడిచే చోట్లున్నాయి. అందుచేత కళాశాల పేరు చూసి కాకుండా, గత రెండేళ్లలో నిజంగా నడిచిన కోర్సుల పట్టిక తెప్పించుకొని చూడమని తల్లిదండ్రులను గట్టిగా కోరుతున్నాను. ఇంజనీరింగు లేని కళాశాలలు కొన్ని, మూడేళ్లు తమ వద్ద, రెండేళ్లు పెద్ద విశ్వవిద్యాలయంలో చదివి రెండు పట్టాలు పొందే ఏర్పాటు చూపుతాయి. ఆ చివరి రెండేళ్లకు ప్రవేశం ఖాయమా, ఆర్థిక సహాయం కొనసాగుతుందా అన్నది ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ వంటి చోట కంప్యూటర్ సైన్సుకు ఇచ్చేది బి.ఏ. పట్టా. ఆ రెండక్షరాలు చూసి మనవాళ్లు వెనకడుగు వేస్తుంటారు. కానీ చదువు తరువాత అమెరికాలో పనిచేసేందుకు సాంకేతిక రంగాలవారికి అదనంగా లభించే రెండేళ్ల అనుమతికి చూసేది, కోర్సుకు ప్రభుత్వ జాబితాలో ఉన్న కోడునే తప్ప, అది బి.ఏ.నా, బి.ఎస్.నా అన్నది కాదు.