ముందు శ్లాబు సంగతి చూడండి

(ఇంధన పొదుపు వారోత్సవాల సభలో కోనసీమకు చెందిన ఒక తాపీమేస్త్రి చేసిన ప్రసంగం)

సర్పంచ్ గారికి, హెడ్మాస్టరు గారికి, కరెంటాఫీసు నుంచి వచ్చినవాళ్లకి, ముందు వరసలో కూర్చున్న పిల్లలకి నమస్కారం. ఏటా డిసెంబరు 14న ఇంధన పొదుపు దినోత్సవం చేస్తారట, నువ్వూ నాలుగు మాటలు చెప్పు మేస్త్రీ అని హెడ్మాస్టరు గారు పిలిచారు. బల్బుల గురించి, ఫ్యాన్ల గురించి ఇందాక ఇంజనీరు గారు చెప్పింది అక్షరాలా నిజం. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే, బీఎల్‌డీసీ అని కొత్తరకం మోటారుతో వచ్చే ఫ్యానుకి 30 చాలు. నాలుగు ఫ్యాన్లు రోజుకి 15 గంటలు తిరిగే ఇంట్లో నెలకి 80 యూనిట్లు తగ్గుతాయి. మార్చుకోండి. కానీ నేను మేస్త్రిని కదా, బిల్లు చూడగానే నా చూపు ఇంటి కప్పు మీదకి పోతుంది.

మన పాత మండువా ఇళ్లు గుర్తున్నాయా? పైన గూనపెంకు, కింద దూలాలు, వాసాలు. వేడి గాలి పెంకుల సందుల్లోంచి పైకి పోయేది. చుట్టూ వసారా ఉండేది కాబట్టి గోడకి ఎండ తగిలేది కాదు. 1996 నవంబరు 6న తుఫాను వచ్చింది. పెంకులు ఎగిరిపోయాయి, కొబ్బరి తోటలు నేలకి ఒరిగాయి. ఆ రాత్రి చూసినవాడెవడూ శ్లాబు వద్దనడు, నేనూ అనను. శ్లాబు కావాలి. శ్లాబు వేసుకుంటే వసారా ఎందుకు పోవాలి? చూరు ఎందుకు కత్తిరించాలి? పడమటి గోడ పక్కన వేపచెట్టు ఎందుకు కొట్టేయాలి? దీనికి మాత్రం ఇప్పటిదాకా నాకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

కాంక్రీటు పగలంతా ఎండని పట్టుకుని రాత్రి ఇంట్లోకి వదులుతుంది. మే నెలలో రాత్రి పదింటికి మంచమెక్కి పైకప్పుకి చెయ్యి ఆనించి చూడండి, మీకే తెలుస్తుంది. ఫ్యాను ఆ వేడినే కిందకి తోస్తుంది. ఏసీ వేస్తే గదిలో గాలితో పాటు నెత్తి మీదున్న కాంక్రీటుని కూడా చల్లార్చాలి. దానికి డబ్బు కట్టేది మీరే. పోనీ కూలరు కొందామా అంటే, మన గాలిలో తడి ముందే ఎక్కువ. కూలరు ఇంకాస్త తడి కలుపుతుంది, చెమట ఆరదు.

ఒక మామ్మగారి సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట వాళ్ల పెంకుటిల్లు విప్పి శ్లాబు ఇల్లు కట్టాం. పడమరన వసారా ఉంచండి, ఆవిడ పడుకునే గది అటే ఉంది అని ప్లాను గీసినాయనకి చెప్పాను. "వసారాకి పోయే జాగాలో ఇంకో గది వస్తుంది మేస్త్రీ, అద్దెకిచ్చుకుంటారు" అన్నాడు. దక్షిణాన కిటికీ పెట్టమన్నాను. వాస్తుకి కుదరదన్నారు. సాయంత్రం పైరగాలి వచ్చేదే అటునుంచి! గృహప్రవేశం ఘనంగా చేశారు. రోహిణి కార్తెలో నేను వెళ్లేసరికి మామ్మగారు పశువుల పాకలో నులకమంచం వేసుకుని పడుకున్నారు. లక్షలు పోసి కట్టిన ఇల్లు పక్కనే ఉంది, ఆ ఇంటి పెద్దావిడ తాటాకు కింద పడుకుంది! హైదరాబాదులో ఉన్న కొడుకు ఏసీ పెట్టించాడు. "అది ఉన్నంతసేపే నాయనా, కట్టెయ్యగానే మళ్లీ కొలిమే" అన్నారావిడ. ఆ మాట నేను మర్చిపోలేను. అందుకే ఎవరు మైకు ఇచ్చినా ఇదే చెబుతున్నాను.

మరుసటి ఫిబ్రవరిలో కొడుకుని ఒప్పించాను. మన ఊళ్లలో ఒక్క వానాకాలం పోతే శ్లాబు పాచి పట్టి నల్లబడుతుంది. నలుపు ఎండని ఇంకా లాక్కుంటుంది. ఆ పాచి గీకి కడిగి, సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేశాం. పడమటి గోడకి అడుగు దూరంలో వెదుళ్లు పాతి కొబ్బరాకు తడికలు కట్టాం. దక్షిణపు గోడ పగలగొట్టి కిటికీ పెట్టాం. ఆ వేసవి మామ్మగారు ఇంట్లోనే పడుకున్నారు. ఏసీ అప్పుడప్పుడు వేస్తున్నారు, అదీ 26 డిగ్రీల మీద. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ వాళ్లే చెబుతున్నారు కదా. వసారాకి మాత్రం కొడుకు ఇప్పటికీ ఒప్పుకోలేదు.

సున్నం అంటే కొందరికి చులకన. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయిందే, అప్పుడు వాడింది సున్నమే! వానలకి పూత పోతుంది, నిజమే. ఏటా వేసుకోవాలి. డబ్బున్నవాళ్లు ఎండని తిప్పికొట్టే కూల్‌రూఫ్ పెయింటు వేసుకోండి. సోలార్ పలకలు పెట్టుకునేవాళ్లుంటే మరీ మంచిది. 2024లో కేంద్రం తెచ్చిన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది, పలకల కింద శ్లాబుకి నీడా దొరుకుతుంది.

నా బాధ మాత్రం కాలనీ ఇళ్ల గురించి. ఒకటే గది, పైన బోడి శ్లాబు, చుట్టూ చెట్టు లేదు. వాళ్లు ఏసీ కొనలేరు. అయ్యా, సర్పంచ్ గారూ, తెలంగాణలో 2023లో కూల్‌రూఫ్ పాలసీ అని ప్రత్యేకంగా తెచ్చారు. మనం పాలసీ దాకా ఆగక్కర్లేదు. పంచాయతీ సున్నం కొనివ్వండి, కూలి నేనడగను. ఇంటి ప్లాను మీ దగ్గరికి వచ్చినప్పుడు పడమర నీడ ఉందా, దక్షిణం కిటికీ ఉందా అని ఒక్క మాట అడగండి.

పిల్లలూ, ఈ బడి శ్లాబు కూడా నల్లగానే ఉంది, ఇందాక ఎక్కి చూశాను. సంక్రాంతి సెలవులు అయ్యాక మొదటి ఆదివారం పొద్దున్నే వస్తాను. సున్నం తొట్టి, కుంచెలు నావి. పాచి గీకడానికి చీపుళ్లు, బకెట్లు మీరు తెండి. పెద్దవాళ్లు తోడు లేకుండా ఎవరూ మెట్లెక్కొద్దు. హెడ్మాస్టరు గారూ, ఆ రోజు ట్యాంకు నింపించండి.