త్యాగం ఎవరి జేబులోంచి?

నమస్కారం. వరద వార్త వచ్చిన ప్రతిసారీ బెంగళూరులో మన తెలుగువాళ్లుండే అపార్ట్‌మెంట్లలో బీరువాలు ఖాళీ అవుతాయి. పొట్టయిపోయిన చొక్కాలు, రంగు వెలిసిన చీరలు, జిప్పు ఊడిన సంచులు మూటలై లిఫ్టు పక్కన చేరతాయి. కె.ఆర్.పురంలో మా అపార్ట్‌మెంటూ అంతే. ఇల్లు శుభ్రపడింది, సంతోషం. దాన్ని సాయం అనడానికి మాత్రం నాకు నోరు రాదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడను ముంచింది గుర్తుందా? అప్పుడే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. సింగ్ నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. మొదట కావలసినవి తాగునీళ్లు, పాలు, భోజనం పొట్లాలు. నీళ్లు తగ్గాక ఇళ్లలోని బురద కడగడానికి అగ్నిమాపక వాహనాలు రావలసి వచ్చింది. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలైంది. నానిపోయిన పరుపులు, పాడైన ఫ్రిజ్, కదలని ఆటో. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం 25,000 రూపాయలు ప్రకటించింది. ఫ్రిజ్జూ ఆటో ఇంజినూ రెండూ పోయినవాళ్లకు అది ఏ మూలకు? ఇలా వారానికో రకంగా మారే అవసరాలకు మన పాత చొక్కా ఏం చేస్తుంది? డబ్బు కావాలి.

అద్దె, ఈఎంఐ, బడి ఫీజులు పోగా డబ్బెక్కడిది అంటారా? చిన్న చిన్నవి మానుకుంటే వస్తుంది. కాకపోతే ఏది మానుకుంటున్నామో చూసుకోవాలి. పనిమనిషికి ఏటా ఇచ్చే పండగ డబ్బు ఈసారి ఆపి వరద నిధికి పంపామనుకోండి. దానం చేసింది ఆమె, రసీదు మన పేరు మీద! కొబ్బరిబొండాలాయన దగ్గరా, పూలమ్మే ఆవిడ దగ్గరా కోత పెట్టకండి. శనివారం రాత్రి ఫోనులో తెప్పించుకునే బిర్యానీ ఉంది కదా, దాన్ని ఆపండి. వైట్‌ఫీల్డ్‌కు క్యాబ్ మాని మెట్రో ఎక్కండి. నిలబడి ప్రయాణం చేస్తే కాళ్లు నొప్పి పుడతాయి, పుట్టనివ్వండి.

మిగిలిన డబ్బు ఆ రోజే పంపేయాలి. నెలాఖరుకు లెక్క చూద్దామనుకుంటే ఈలోగా ఏదో పండగ ఆఫర్ దాన్ని మింగేస్తుంది. టీవీల్లో వరద కనబడడం మానేశాక కూడా ఒకటి రెండు నెలలు పంపండి. ఆటో బాగుచేయించుకోవడం, పరుపులు కొనుక్కోవడం కెమెరాలు వెళ్లిపోయాకే ఉంటాయి.

ముఖ్యమంత్రి సహాయ నిధి ఖాతా వివరాలు అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. వాట్సాప్‌లో తిరిగే క్యూఆర్ కోడ్‌లను నమ్మకండి. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఈ విరాళం మొత్తానికీ మినహాయింపు ఉంది, 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే రాదు. కొత్త విధానానికి మారినవాళ్లకు ఆ లాభం లేదు. పోనీలెండి, వాళ్లదే నిఖార్సైన దానం అనుకుందాం.